నాలుగో కంటికి బొట్టు

కిందటి వారం హైమవతి చేతికి తడిగుడ్డ ఇచ్చి నిచ్చెన మీద నిలబెట్టి వచ్చేశాం. ఏడు రోజులుగా ఆమె కాళ్ళు పీకుతూ ఉండాలి పాపం. అయితే కథలో గడిచింది అర నిమిషమే, కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలీదు. అంతకంటే పెద్ద సంగతులే ఆమెకు తెలీనివి ఇంకా ఉన్నాయి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో నింపురా దాటాక సుందర్ రాజు గారి చక్రాల షెడ్డు ఉంది. రైల్వే వ్యాగన్ల కింద నుంచి ఊడదీసిన చక్రాలు ఇరుసులతో సహా కాంట్రాక్టు మీద అక్కడికి వస్తాయి. లేత్ మీద చెక్కి నున్నగా చేశాక వాటిని ఒక గొయ్యి మీదుగా మెల్లగా దొర్లిస్తారు. ఆ గొయ్యి చుట్టూ ఆరు కెమెరాలు. చక్రం మీద వెంట్రుకంత పగులున్నా అవి పట్టేస్తాయి. ఏ నంబరు చక్రం ఏ వ్యాగన్‌దో ఫోటోతో సహా దాచిపెడతాయి. ఆ కెమెరాల బాధ్యత హైమవతిది. ఐటీఐ చదివింది, నలభై దాటింది, మొగుడు పోయాక కూతురు పూజని ఆ జీతంతోనే కాలేజీ దాకా తెచ్చింది.

ఏడు నెలల కిందట పైనుంచి ఆర్డరొచ్చింది. చైనా కెమెరాలు ఉండకూడదు, తీసేయండి అని. ప్రపంచంలోని మిషన్లకి కళ్ళు ఎవరివి పెట్టాలి, బుర్ర ఎవరిది పెట్టాలి అని చైనాకీ అమెరికాకీ పెద్ద తగువు. ఏనుగులు కుమ్ముకుంటే నలిగేది గడ్డే కదా, ఆ తగువులో నింపురా షెడ్డుకి ఆరు కళ్ళు ఊడాయి. పీకింది హైమవతే. మనకి మిత్రదేశమని చెప్పుకునే ఒక పెద్ద దేశం నుంచి వచ్చిన కొత్త కళ్ళు బిగించిందీ ఆమే. తర్వాత ఒక కాగితం మీద సంతకం పెట్టింది. ఈ మిషన్‌కి బయటి లైను లేదు, ఫోటోలు ఈ గది దాటి పోవు, స్వయంగా విప్పి చూశాను అని. ఆ సంతకం చూసుకునే షెడ్డుకి మిలటరీ వ్యాగన్ల చక్రాలు పంపడం మొదలుపెట్టారు.

ఈ ఉదయం విశ్వకర్మ పూజ. హైమవతికి మేనమామ, షెడ్డులో పెద్ద మిస్త్రీ అయిన నూకయ్య ఇత్తడి గిన్నెలో కుంకుమ తడిపి లేత్‌కీ, జాకీకీ, క్రేన్ కొక్కేనికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చి, నాలుగో కెమెరా అద్దం నడిమధ్య కూడా ఒకటి పెట్టాడు. అద్దం మీదెందుకని మేనకోడలు కసిరితే, బొట్టు రెండు కళ్ళ మధ్య పెట్టాల, దీనికున్నదే ఒక కన్ను, నన్నేటి సెయ్యమంటావు అన్నాడు. పదకొండు నిమిషాలకి ఫోన్. కెమెరాలు అమ్మిన కంపెనీకి ఈ ఊళ్ళో మనిషి కిరణ్‌కుమార్ గోల్‌బజార్‌లోని తన కొట్టు నుంచి చేశాడు. అక్కా, నాలుగో అద్దం మీద ఎర్రగా ఏదో పడిందట, తుడిచెయ్యండి అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, నిచ్చెన ఎక్కి, తుడిచేసింది. తుడిచాక అసలు సంగతి తట్టింది.

గోల్‌బజార్ ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. బొట్టు పెట్టింది నూకయ్య, చూసింది తను. మూడో మనిషి లేడు.

*

షెడ్డు రెండో చివర పందిరిలో డాక్ అనే పెద్ద బెంగాలీ డోలు వాయిస్తున్నారు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే చెవిలో నోరు పెట్టాలి. హైమవతి నిచ్చెన దిగి, మామయ్యని క్రేన్ స్తంభం చాటుకి లాక్కెళ్ళి సంగతి చెప్పింది. స్తంభం చాటుకే ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలీదు. ఏడు నెలలుగా ఆ కెమెరాల ముందు జుట్టు ముడేసుకుంది, టిఫిన్ డబ్బా విప్పింది, ఒకసారి కూర్చుని ఏడ్చింది కూడా. ఇప్పుడు వాటి ముందు నుంచి నడవాలంటే కొంగు సర్దుకోవాలనిపించింది.

నూకయ్య మొదట నవ్వేశాడు. ఆయన నవ్వకుండా విన్న కబురు ఖరగ్‌పూర్‌లో ఇంతవరకూ ఎవరూ తేలేదు. దుమ్ము పడితే మిషనే కనిపెట్టి చెప్తుందేమో, ఈ కాలం మిషన్లకి పొగరెక్కువ అన్నాడు. లైనే లేని మిషన్ ఎవరికి చెప్తుంది, ఎలా చెప్తుంది అని ఆమె అడిగింది. అప్పుడు ఆయన గడ్డం గోక్కున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, ఫోర్‌మన్ల టీ కప్పు చెవికి గ్రీజు రాయడంలో పేరు మోసిన మనిషి. ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలుసుకోవాలంటే వాడిని గిల్లాలని ఆయనకి తెలుసు.

"బొట్టుకి పలికింది కదా," అన్నాడు చెవిలో. "పువ్వుకి పలుకుతాదో నేదో సూద్దారి."

క్రేన్ కొక్కేనికి వేలాడుతున్న బంతిపూల దండ తీసి, చాలా భక్తిగా దణ్ణం పెట్టి, రెండో కెమెరా మెడలో వేశాడు. దండ కొస అద్దం మీదకి సగం జారేలా చూసుకున్నాడు. ఇద్దరూ వచ్చి కెమెరా గదిలో గోడ గడియారం కింద కూర్చున్నారు. ఈ పండక్కి ఇక్కడ అలవాటే, బయట పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. వాటి నీడలు కిటికీలోంచి గచ్చు మీద పడి ఉరుకుతున్నాయి. నాలుగు నిమిషాలు గడిచాయి, ఆరు గడిచాయి. ఫోన్ మోగలేదు. హైమవతికి కాస్త ఊపిరి ఆడింది. తన పిచ్చి అనుకుంది. బొట్టు సంగతి ఎవరో పూజకొచ్చినవాళ్ళు చూసి కిరణ్‌కి చెప్పి ఉంటారు.

పదో నిమిషంలో గేటు దగ్గర స్కూటీ ఆగింది. మధ్యాహ్నం భోగం, అంటే పూజ భోజనం, తినడానికి కిరణ్‌కుమార్ ఎలాగూ వస్తానన్నాడు, వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుటి మీద బొట్టు, చేతిలో స్వీట్ల డబ్బా. గొయ్యి వైపు వెళ్ళనే లేదు. తిన్నగా కెమెరా గది గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడుస్తూ, ఫోన్ చూసుకుంటూ అన్నాడు.

"రెండో కెమెరాకి దండ ఎవరేశారక్కా? బంతిపూలట."

కిరణ్‌కుమార్ తల ఎత్తి ఇద్దరి ముఖాలూ చూశాడు. తన చొక్కా మీద ఏమైనా పడిందేమోనని కిందికి చూసుకున్నాడు.

*

కిరణ్‌కుమార్ చెడ్డవాడు కాదు. గోల్‌బజార్‌లో వాళ్ళ తాత పెట్టిన బట్టల కొట్టుంది. బట్టలు కొలిచే ఓపిక లేక, అదే కొట్లో ఒక మూల అద్దాల బీరువా పెట్టి కెమెరాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. అడిగినదానికి సమాధానం తెలీకపోయినా చెప్పేసే అలవాటు తప్ప వేరే దురలవాటు లేదు.

హైమవతి అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి ఫోన్ అడిగింది. అతను ఇచ్చేశాడు. కంపెనీ వాళ్ళ సర్వీసు యాప్‌లో ఇంగ్లీషులో రెండు మెసేజీలున్నాయి. ఆమె వాటిని మామయ్యకి తెలుగులో చదివి చెప్పింది. మొదటిది: కెమెరా నాలుగు, అద్దం మీద ఎర్రటి మరక, తుడిపించగలరు. రెండోది: కెమెరా రెండు, బంతిపూల దండ అడ్డుగా ఉంది, పూజ అయ్యాక తీయించగలరు. అందరికీ విశ్వకర్మ పూజ శుభాకాంక్షలు.

"మర్యాదస్తుడే," అన్నాడు నూకయ్య. "దొంగతనానికొచ్చి, ఇల్లు సుబ్బరంగా నేదని తిట్టినట్టుంది."

ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా.

హైమవతి మెల్లగా, ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టింది. ఈ మెసేజీలు ఎప్పటి నుంచి వస్తున్నాయి? మొదటి నుంచీనట. ఏడు నెలల్లో అయిదారుసార్లు వచ్చాయి, దుమ్మనీ, నూనె చుక్కనీ. నిజమే, అయిదారుసార్లూ అతను ఫోన్ చేశాడు, ఆమె తుడిచింది. మరి కంపెనీకి ఎవరు చెప్తున్నారనుకున్నావు అంటే, మీరే చెప్తున్నారనుకున్నా అన్నాడు. ఆమేమో అద్దం ఎన్నాళ్ళకి మాస్తుందో అతనే లెక్క కట్టి చెప్తున్నాడనుకుంది, పనిమంతుడు అని ఇంట్లో కూతురు పూజతో మెచ్చుకుంది కూడా. ఆమె చెప్పిందని అతను అనుకున్నాడు, అతను కనిపెట్టాడని ఆమె అనుకుంది. ఇద్దరి మంచితనం మధ్యనుంచి మూడోవాడు ఏడు నెలలు దర్జాగా నడిచిపోయాడు.

కిరణ్‌కుమార్ ఇంకా సమర్థించుకోబోయాడు. అద్దం మాసిందని మాత్రమే సంకేతం పోతుందేమో, ఫోటోలు పోవేమో అన్నాడు.

"సంకేతానికి బంతిపూవని తెలుస్తాదేటి? ఇయ్యాల ఇస్వకర్మ పూజని తెలుస్తాదేటి?" అంది హైమవతి. "మనిషి సూత్తన్నాడు, కిరణ్. కూకుని సూత్తన్నాడు."

చేతిలోని స్వీట్ల డబ్బా కింద పెట్టాలని అతనికి అప్పటికి తోచింది.

చూస్తే ఏం చూస్తాడు, చక్రాలే కదా అని అనుకోవచ్చు. చక్రం గుండ్రంగా ఉంటుంది, అందులో రహస్యం ఏముంటుంది? నూకయ్యకి తెలుసు ఏముంటుందో. ఈ మూడు వారాలుగా షెడ్డుకి వస్తున్నవి మామూలు బొగ్గు వ్యాగన్ల చక్రాలు కావు. టాంకులు ఎక్కించుకుపోయే చదును వ్యాగన్లవి. అలాంటివి ఇదివరకు నెలకి పది జతలే వచ్చేవి, ఇప్పుడు రోజుకి ఇరవై వస్తున్నాయి. బేగి, బేగి అని మీద కూర్చుని చేయిస్తున్నారు. టీవీలో మాత్రం సరిహద్దులో అంతా సవ్యంగా ఉందని, రెండు దేశాలవాళ్ళూ టీ తాగి కబుర్లు చెప్పుకున్నారని రోజూ చెప్తున్నారు.

"నాను వర్కుషాపులో సేరిన కొత్తలో ఒకపాలి ఇలగే వచ్చినాయి," అన్నాడు ఆయన. "మా మిస్త్రీ అన్నాడు, ఒరే నూకా, పేపరు సదవకు, సక్రాలు సూడు అని. రెండు నెల్లు తిరక్కుండా రేడియోలో యుద్దం."

ఖరగ్‌పూర్ పాత మిస్త్రీలకి అదొక విద్య. ఏ వ్యాగన్లు ఎన్ని బాగుపడుతున్నాయో చూసి, దేశం ఎటు కదలబోతోందో చెప్పేస్తారు. ఆ విద్య ఇప్పుడు సముద్రాల అవతల గదిలో కూర్చున్న మనిషి చేతిలో ఉంది. ఏ నంబరు వ్యాగన్, ఎన్ని, ఏ రోజు బయలుదేరాయి అన్నీ ఫోటోతో సహా. వాడు ఆ లెక్క తన దగ్గరే ఉంచుకుంటాడో, ఇంకెవరికైనా అప్పజెప్పి బదులుగా ఏదైనా పుచ్చుకుంటాడో తెలీదు. ఆ వ్యాగన్ల మీద టాంకులతో పాటు ప్రయాణం చేసే సిపాయిలకి మాత్రం ఆ సంగతి తెలిసే దారే లేదు.

హైమవతి లేచి నిలబడింది. రాజుగారికి చెప్పి వస్తాను అంది.

*

సుందర్ రాజు గారు పందిరి దగ్గర కుర్చీలు వేయిస్తున్నారు. మనిషి మెత్తన. గొంతు ఎత్తగా విన్నవాళ్ళు లేరు. మధ్యాహ్నం ఒంటిగంటకి రైల్వే పెద్ద ఆఫీసరూ, ఆయనతో పాటు ఒక మిలటరీ ఆఫీసరూ భోగానికి వస్తున్నారు. వాళ్ళ కోసం కిచిడీలోకి నెయ్యి వేరే తెప్పించారు. హైమవతి చెప్పింది మొత్తం విన్నారు. వింటూ కుర్చీ కాళ్ళు వరసగా ఉన్నాయో లేదో చూసుకున్నారు.

తర్వాత ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ. చైనావాడు చూస్తే తప్పు, వాడు శత్రువు. వీళ్ళు మనవాళ్ళు. మిత్రులు. మిషన్ ఇచ్చినవాడు మిషన్ ఎలా పనిచేస్తోందో చూసుకోవడంలో వింతేముంది? దండ తీసెయ్, ఈ రోజు నవ్వుతూ వడ్డించు, రేపు తీరిగ్గా కంపెనీకి ఉత్తరం రాద్దాం.

"సుట్టమైతే గుమ్మంలోంచి వచ్చి సూడాల సార్," అంది హైమవతి. "గోడకి కన్నమెట్టి సూడకూడదు."

"నిజమేనమ్మా," అన్నారు రాజుగారు. "కానీ గోడకి కన్నం లేదని రాసిచ్చింది నువ్వు. నేను చదువుకున్నవాణ్ణి కాదు, నువ్వు విప్పి చూశానంటే నమ్మాను. ఇప్పుడు వాళ్ళొచ్చి అడిగితే నేను ఎవరి వైపు చూపించాలి?"

ఎంత నిమ్మళంగా అన్నారంటే, పక్కనే ఉన్న వంటవాడు కూడా తలెత్తలేదు. ఆ మాట విని హైమవతి వెనక్కి తిరిగి నడిచింది. వీపు మీద ఆయన చూపు తగులుతూనే ఉంది.

కెమెరా గదిలోకి వచ్చి తలుపు వేసి, కిరణ్‌కుమార్ ఉన్నాడని కూడా చూడకుండా, మేనమామ ముందు నిజం చెప్పేసింది. ఏడు నెలలుగా కూతురు పూజకి కూడా చెప్పని నిజం.

"నాను విప్పి సూడనేదు మావయ్యా."

గది మూల బీరువా అంత ఇనప డబ్బా. ఆరు కళ్ళూ చూసింది దాచుకునేది అదే. దాని తలుపు మీద కంపెనీవాళ్ళ వెండి రంగు సీలు అంటించి ఉంది. సీలు తీస్తే గ్యారంటీ పోతుంది అని రాసి ఉంది. ఆ రోజు ఆమె స్క్రూ డ్రైవర్ పట్టుకుని దాని ముందు కూర్చుంటే రాజుగారు వచ్చి, సీలు కదపకు, గ్యారంటీ పోతే ఎవరు భరిస్తారు, బయట వైరేమీ లేదు కదా, రాసెయ్ అన్నారు. బయట వైరు లేదు. చుట్టూ తిరిగి చూసింది, నిజంగానే లేదు. విప్పి చూశాను అన్న లైను కింద సంతకం పెట్టేసింది. ఈ దేశంలో ఎన్ని లిఫ్టులు, ఎన్ని బాయిలర్లు, ఎన్ని వంతెనలు విప్పి చూశాను అన్న సంతకం మీద నిలబడి ఉన్నాయో ఆ భగవంతుడికే తెలుసు. ఆమె కూడా అందరిలాగే పెట్టింది. అందరివీ కూలవు, ఆమెది కూలింది.

మేనకోడలిని తిట్టాలంటే నూకయ్యకి ముందు తనని తిట్టుకోవాల్సి వస్తుంది. అలాంటి సంతకాలు ఆయనవి వర్క్‌షాపు ఫైళ్ళలో ఎన్నో ఉన్నాయి.

"ఇప్పుడు ఇప్పు," అన్నాడు.

విప్పడానికి పనిముట్టు లేదు. విశ్వకర్మ పూజ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. సుత్తి దగ్గర నుంచి సూది దాకా అన్నీ ఠాకూర్, అంటే విశ్వకర్మ విగ్రహం, కాళ్ళ దగ్గర కుంకుమ పూసుకుని పడుకుంటాయి. మర్నాడు మళ్ళీ హారతిచ్చాకే చేతిలోకి. హైమవతి స్క్రూ డ్రైవర్ల సంచీ కూడా అక్కడే ఉంది. ఈ నియమం తప్పినవాడి వేళ్ళు ఏడాదిలోగా మిషన్ అడుగుతుందని షెడ్డులో అందరికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ నూకయ్యకి. ఎడం చేతి చిటికెన వేలు ఎలా పోయిందని అడిగితే ఆయన చెప్పే కథ అదే.

ఆయన లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి హైమవతి చూస్తూనే ఉంది. పందిరిలోకి వెళ్ళాడు, ఠాకూర్ ముందు వంగాడు, పురోహితుడు చక్రవర్తి దాదా ఏదో అడిగితే నవ్వుతూ బెంగాలీలో ఏదో చెప్పాడు, పంచె మడతలో చెయ్యి పెట్టుకుని తిరిగొచ్చాడు. స్క్రూ డ్రైవర్ ఆమె చేతిలో పెట్టాడు. పిడి మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది.

"ఠాకూరుకి సెప్పే తెచ్చినాను," అన్నాడు. "ఏలు గావాలంటే నాదే తీసుకోమన్నాను. నిన్ను ఒగ్గీమన్నాను."

ఆ మాట హాస్యానికి అన్నాడా, కాదా అన్నది ఆమెకి తేలలేదు. పావు తక్కువ ఒంటిగంట అయింది.

*

సీలు గోటితో రాలేదు, స్క్రూ డ్రైవర్ కొసతో చీల్చింది. ఆరు మరలు. లోపల అంతా పద్ధతిగా ఉంది, కొత్తగా కాపురం పెట్టినవాళ్ళ వంటిల్లులా. పచ్చటి పలకలు, ఫ్యాన్లు, వరసగా చుట్టిన వైర్లు. మొదట ఏమీ కనిపించలేదు. కిరణ్‌కుమార్ ఫోన్ టార్చి పట్టుకున్నాడు. నూకయ్య వంగి చూసి, ఆ మూలనున్న చిన్న పలక వేరే రంగులో ఉందేమిటి అన్నాడు. మిగతావన్నీ ముదురు పచ్చ, అది నలుపు. వేలెడంత. దాని పక్కన అగ్గిపుల్లంత యాంటెనా, తలుపు గాడిలో దాక్కుని ఉంది. నల్ల పలక అంచున చిన్న గాడి. హైమవతి వేలితో నొక్కింది. టిక్ మంది.

సిమ్ కార్డు. మన ఊళ్ళో పాన్ కొట్లో దొరికేలాంటి మామూలు సిమ్ కార్డు.

దాన్ని బయటికి లాగింది. గదిలోని తెర మీద ఆరు కెమెరాల బొమ్మలూ అలాగే ఉన్నాయి, రెండోది మాత్రం సగం పసుపు పచ్చగా. మిషన్‌కి ఆ సిమ్ అవసరమే లేదు. అవసరం ఇంకెవరికో.

కిరణ్‌కుమార్‌కి కొంచెం ధైర్యం వచ్చింది. సిమ్ ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి కదా, కంపెనీ పేరు మీదే ఉంటుంది, అప్పుడు తప్పు వాళ్ళదే అవుతుంది, మనం బయటపడిపోతాం అన్నాడు. ముందు నంబరు తెలియాలి. దానికి ఖరగ్‌పూర్‌లో చిన్నపిల్లలకి కూడా తెలిసిన ఉపాయం ఉంది. నూకయ్య తన బొత్తాల ఫోన్ విప్పి, పాత సిమ్ తీసి, ఇది దూర్చి, కిరణ్‌కుమార్‌కి మిస్డ్ కాల్ ఇచ్చాడు. కిరణ్‌కుమార్ ఫోన్ మీద పది అంకెలు వెలిగాయి. చివర నాలుగూ ఏడు, ఏడు, సున్నా, మూడు.

మన పేరు మీద ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో చెప్పే సర్కారు సైటు ఒకటుంది. దొంగ సిమ్ముల భయంతో పూజ ఒకసారి అమ్మకి చూపించింది. హైమవతి తన ఫోన్లో ఆ సైటు ఎందుకు తెరిచిందో అడగకండి. వేళ్ళకి కొన్ని సంగతులు మనిషి కంటే ముందు తెలుస్తాయి.

ఆమె పేరు మీద మూడు నంబర్లు ఉన్నాయి. ఒకటి ఆమెది. ఒకటి పూజది. మూడోదాని మధ్య అంకెలు దాచి, చివరివి నాలుగే చూపించారు. ఏడు, ఏడు, సున్నా, మూడు.

మొదలైన తారీఖు, కాగితం మీద ఆమె సంతకం పెట్టిన రోజు.

ఆ రోజు సంతకం అయ్యాక కిరణ్‌కుమార్ చిన్న వేలిముద్రల మిషన్ తెచ్చాడు. కంపెనీ రిజిస్టర్‌లో బాధ్యుల పేరు ఎక్కించాలి, ఆధార్ ముద్ర వెయ్యాలి అన్నాడు. వేసింది. గ్రీజు చేతులు కదా, పడలేదక్కా, ఇంకోసారి వెయ్యండి అన్నాడు. ఇంకోసారి వేసింది. ఒకటి రిజిస్టరుకి, ఒకటి సిమ్ముకి.

ఆమె తల తిప్పి అతని వైపు చూసింది. కిరణ్‌కుమార్ అప్పటికే రెండు చేతులూ జోడించాడు.

"నిజంగా పడలేదనే చూపించిందక్కా," అన్నాడు. "మిషన్ వాళ్ళే పంపారు. ఏం నొక్కమంటే అది నొక్కాను. మా తాత మీద ఒట్టు."

నమ్మాలో లేదో తేల్చుకునే తీరిక ఆమెకి లేదు. ఏడు నెలలుగా ఈ షెడ్డు నుంచి టాంకుల వ్యాగన్ల లెక్క దేశం దాటిపోతోంది. ఏ పోలీసు వచ్చి, ఏ లైను మీద పోయిందని వెతికినా, ఆ లైను చివర మిత్రదేశం ఉండదు, కంపెనీ ఉండదు, రాజుగారు ఉండరు. హైమవతి ఉంటుంది. లైను లేదని సంతకం పెట్టిన చెయ్యే లైను తీసుకుంది అంటారు. కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? పూజని ఏమంటారు? ఫలానా దాని కూతురు అంటారు.

నూకయ్య ఆ ఫోన్ తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. అది చూసి ఆమెకి మరీ భయం వేసింది.

బయట డాక్ ఆగింది. భోగానికి ఆకులు వేస్తున్నారు. ఆ నిశ్శబ్దంలో గేటు దగ్గర పెద్ద కారు ఆగిన చప్పుడు, తలుపులు రెండు పడిన చప్పుడు, రాజుగారు నమస్కారాలు పెడుతూ ఎదురెళ్ళడం స్పష్టంగా వినిపించాయి.

సరిగ్గా అప్పుడు నూకయ్య చేతిలోని ఫోన్ మోగింది.

పెద్దగా మోగింది. బొత్తాల ఫోన్లకి సిగ్గుండదు. ముగ్గురూ దాన్ని చూశారు. ఈ నంబరు ఈ ఫోన్‌లోకి వచ్చి ఆరు నిమిషాలు కాలేదు. దాని నుంచి పోయింది ఒక్క మిస్డ్ కాల్. హైమవతి చెయ్యి చాచి మామయ్య చేతిలోంచి తీసుకుని, పచ్చ బొత్తాం నొక్కి, చెవికి ఆనించింది. హలో అనలేదు.

"హైమవతి గారాండీ?" అంది అవతలి గొంతు. ఆడగొంతు. చక్కటి తెలుగు, గోదావరి వైపు తెలుగు. పొరుగింటి పిన్ని పాలగిన్నె అడుగుతున్నట్టుంది. "కంగారు పడకండమ్మా. కార్డు ఎక్కడ తీశారో అక్కడే పెట్టేసి, మరలు బిగించెయ్యండి. పేరు మీది కదా, మీకే మంచిది."

హైమవతికి చెప్పిన మాట కంటే చెప్పిన భాష ఎక్కువ తగిలింది. ఈ ఫోన్ ఎప్పుడో ఒక రోజు చెయ్యాల్సి వస్తుందని, చేస్తే తెలుగులోనే చెయ్యాలని, ఎవరో ఏడు నెలల కిందటే అనుకుని ఒక తెలుగు మనిషిని వెతికి కూర్చోబెట్టుకున్నారు. ఆమె వేలిముద్ర వేస్తున్న రోజుకే ఈ గొంతు సిద్ధంగా ఉంది.

"వింటున్నారా అమ్మా? అయిదు నిమిషాలు చాలు. ఆ తర్వాత మేము కూడా ఏమీ చెయ్యలేం."

కిటికీ అవతల పందిరిలో ఇద్దరు ఆఫీసర్లు బూట్లు విడుస్తున్నారు. ఒకరు ముదురు పచ్చ మిలటరీ బట్టల్లో ఉన్నారు. రాజుగారు వాళ్ళకి కెమెరా గది వైపు చెయ్యి చూపిస్తూ ఏదో గొప్పగా చెప్తున్నారు.

హైమవతి ఫోన్ చెవి నుంచి తీసింది. ఎర్ర బొత్తాం నొక్కలేదు. స్పీకర్ బొత్తాం నొక్కి, అరచేతిలో హారతి పళ్ళెం పట్టుకున్నట్టు ఎత్తి పట్టుకుని, గది తలుపు తీసి, పందిరి వైపు నడవడం మొదలుపెట్టింది.

ముందు రాజుగారే చూశారు. ఆమె చేతిలో ఏముందో ఆయనకి తెలీదు, కానీ ఆమె ముఖం తెలుసు. నవ్వు చెదరకుండానే ఆఫీసర్ల ముందు నుంచి పక్కకి తప్పుకుని, రెండు చేతులూ చాచి, ఆమెకి అడ్డంగా రావడం మొదలుపెట్టారు.

"అమ్మా," అంది అరచేతిలోని గొంతు, ఇప్పుడు అంత తీరిక లేకుండా. "ఎక్కడికెళ్తున్నారు?"